ఎవరూ మానలేదు

బోటనీ మాస్టారు పోయారన్న సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. ఉదయం కాలేజీ గేటు దగ్గర దిగుతుంటే, టిక్కెట్ల సంచీ చంకలోకి సర్దుకుంటూ, "మీ బోర్డు మాస్టారు తెల్లారగట్ల పోయారంటండీ. సత్తెనపల్లిలో మా డ్రైవరు వాళ్ళ వీధే గదా ఆయనది" అన్నాడు. రైట్ చెప్పగానే బస్సు కదిలింది. నేను ఆ దుమ్ములోనే కాసేపు నిలబడ్డాను.

ఆ కండక్టరు మా కాలేజీలో చదివినవాడు కాదు. మాస్టారితో ఒక్క మాటైనా మాట్లాడి ఉండడు. అయినా "మీ బోర్డు మాస్టారు" అన్నాడు. ఈ దారిన తిరిగే చాలామందికి ఆయన అలాగే తెలుసు.

నేను ఈ కాలేజీలో లెక్కలు రాసే మనిషిని. కాలేజీ చదువు నాకు లేదు. మిర్చి కొట్లో గుమాస్తాగా ఉంటూ, పెద్దవాళ్ళు రాస్తుంటే చూసి చిట్టా రాయడం నేర్చుకున్నాను. ఏ రోజుకారోజు రాసి మూసెయ్యడం అలవాటే గాని, నలుగురు చదవడానికి రాయడం నాకు చేతకాదు. మాస్టారి గురించి పత్రికకు రాయమని ప్రిన్సిపాల్ అయ్యగారు అడిగినప్పుడు, ఆయనతో పనిచేసిన పాతవాళ్ళలో ఇంకా ఇక్కడ మిగిలింది నేనే గనక ఒప్పుకున్నాను.

మాది చిన్న కాలేజీ. మిషను వాళ్ళు ఎప్పుడో కట్టిన పెంకుల చాపెల్, దాన్ని ఆనుకుని తరగతి గదులు, ఆడపిల్లల హాస్టలు, ప్రహరీ అవతల పత్తి చేలు. బస్సు సరిగ్గా గేటు ముందే ఆగుతుంది. గేటు పక్క గోడకు ఒక పెద్ద నల్లబోర్డు ఉండేది. దాని మీద కాలేజీ విశేషాలు రాయడం మాస్టారి పని. ఎవరూ అప్పగించింది కాదు, ఆయన పెట్టుకున్నది. తొలకరికి ఒకసారి, దసరా సెలవులయ్యాక ఒకసారి, క్రిస్మసు సెలవులకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మసుకు ఒకసారి, పంటలు ఇళ్ళకు చేరాక తొలి ఫలాలు తెచ్చి చాపెల్లో వేలం వేసుకునే కోత పండుగకు ఒకసారి. ఏడాదికి నాలుగుసార్లు బోర్డు మారేది.

రంగు సుద్దముక్కలు ఒక సబ్బుపెట్టెలో పెట్టుకునేవారు. ముందు మూలన బొమ్మ వేసేవారు. తొలకరి బోర్డుకు రెండాకుల పత్తి మొలక, దసరా తర్వాత మిరప పూత, క్రిస్మసుకు పండు మిరప, కోత పండుగకు పొగాకో గుమ్మడికాయో. పాఠం చెప్పే మాస్టారు గనక ఆకుకు ఈనెలతో సహా వేసేవారు. బొమ్మయ్యాకే రాత.

రాతలో ఆయనకు కొన్ని పట్టింపులున్నాయి. "బస్సు ఆగేది అర నిమిషమయ్యా. ఆ లోపల చదవగలిగిందే రాయాలి" అనేవారు. ఫలానా అమ్మాయికి జువాలజీలో మంచి మార్కులొచ్చాయి. హాస్టలు బావిలో నీళ్ళు పెరిగాయి. కోత పండుగ వేలంలో వచ్చినదానితో చాపెల్ పెంకులు మార్చాం. ఒకసారి ఇలా రాశారు: "వాలీబాలులో ఓడిపోయాం. బాగా ఆడాం." అది చూసి బస్సులోంచి ఎవరో "ఓడిపోయి మళ్ళీ బోర్డొకటా" అని అరిస్తే, మాస్టారు తిరిగి, "గెలిచినోళ్ళ ఊళ్ళో బోర్డు లేదయ్యా పాపం" అన్నారు.

అన్నిటికీ అడుగున, గీత గీసి, ప్రతిసారీ ఒకే మాట రాసేవారు. "ఎవరూ మానలేదు."

అంటే ఆ మూడు నెలల్లో చదువు మధ్యలో వదిలేసి వెళ్ళినవాళ్ళు లేరని. పై ఊళ్ళ కాలేజీలకు ర్యాంకులుంటాయి, మనకున్న ఘనత ఇదే అనేవారు. అది ఊరికే వచ్చిన ఘనత కాదు. తరగతిలో ఎవరైనా వారం రోజులు కనబడకపోతే మాస్టారు తన మోపెడ్ తీసేవారు. మిర్చి కొట్టు రోజుల నుంచి చుట్టుపక్కల రైతులకు నా ముఖం తెలుసు గనక నన్నూ వెనక ఎక్కించుకునేవారు. వేసవిలో కొత్త పిల్లల కోసం తిరగడం ఎటూ ఉండేదే, ఆ పని అన్ని చిన్న కాలేజీల మాస్టర్లకూ తప్పదు. ఈయనకు మిగతా కాలంలోనూ తిరుగుడే. ఎండిన కాలువ గట్ల మీద, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటులో దగ్గుకుంటూ వెళ్ళేవాళ్ళం. "ఎన్ని ఊళ్ళు తిరిగినా వెళ్ళిన ఊరికే మళ్ళీ వచ్చినట్టుందయ్యా" అనేవారు దారిలో. ఇంటి గుమ్మాలు వేరైనా లోపల వినబడే మాటలు ఒకటే.

తొంభైల చివర ఒక ఏడాది పత్తికి పురుగు పట్టింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. ఇంట్లో పురుగుమందు డబ్బా కనబడితే ఆడవాళ్ళు తీసి దాచే రోజులవి. మా బోటనీ రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి ఉండేది. దాచేపల్లి వైపు ఒక ఊళ్ళో కౌలురైతు కూతురు. ఆ ఊరి నుంచి కాలేజీకి వచ్చే ఆడపిల్ల ఆమె ఒక్కతే. డిసెంబరు మొదట్లో రావడం ఆగిపోయింది.

మేం వెళ్ళేసరికి తండ్రి ఇంటి ముందు ఉన్నాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"అమ్మాయేదయ్యా?" అన్నారు మాస్టారు.

"చేలో ఉంది సార్. పత్తి కట్టె పీకుతున్నారు."

"అప్పుడేనా?"

"ఉంచి ఏం జెయ్యమంటారు? పూజ జెయ్యమంటారా?"

మాస్టారు మంచం అంచుకు జరిగారు. "చదువు మాత్రం ఆపకు. సగం దాటింది."

"నేనాపలేదు సార్. పురుగు ఆపింది."

లోపలి నుంచి తల్లి అంది, "మిరప కోతల ముఠాలో పేరిచ్చాం సారూ. ఒక మనిషి తగ్గినా మేస్త్రి ఊరుకోడు."

రెండోసారి వెళితే తండ్రి ఎదురుపడలేదు. మూడోసారి అమ్మాయే ఊరి బయట మాకు ఎదురొచ్చింది. చేతులకు పత్తి కట్టె గీరుకుపోయి ఉంది. మోపెడ్ హ్యాండిల్ పట్టుకుని ఆపి, "మాస్టారూ, మీరింక రామాకండి. మీరొచ్చిపోయిన రోజు నాన్న అన్నం తినటంలేదు" అంది.

ఆ మాటకు మాస్టారు మోపెడ్ తిప్పేశారు.

అప్పటికి సెమీ క్రిస్మస్ దగ్గరపడింది. మాస్టారు బోర్డు కడిగి, మూలన పండు మిరప బొమ్మ వేసి, విశేషాలన్నీ రాశారు. అడుగున గీత గీసి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత రాశారు: "ఒకరు మానారు."

ప్రిన్సిపాల్ అయ్యగారు చూసి వచ్చారు. ఇప్పటి అయ్యగారు కాదు, అంతకు ముందాయన. మంచివారే, పండుగకు పిలిచిన గెస్టు గారు వస్తున్నారన్న కంగారులో ఉన్నారు. "ఇదేంటండీ, విశేషాల్లో ఇదెందుకు?" అన్నారు.

"జరిగింది గదండీ."

"జరిగినవన్నీ రాస్తామా మాస్టారూ?"

"ఇన్నేళ్ళ నుంచి ఎవరూ మానలేదని రాస్తున్నాను. మానినప్పుడు రాయకపోతే, ముందు రాసిందంతా ఎవరు నమ్ముతారు?"

అయ్యగారు వెళ్ళి ఆ బోర్డు ముందు ఒక పూలకుండీ పెట్టించారు. అక్షరాలకు అది అడ్డం రాలేదు.

మర్నాడో ఆ మర్నాడో, పిల్లలు గేటుకు రంగుకాగితాల నక్షత్రం కడుతుండగా బస్సు దిగి ఆ తండ్రి వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరండీ ఇది రాసింది?" అన్నాడు. గొంతు గేటంతా వినబడింది. నేను ఆఫీసు గదిలోంచి వచ్చేసరికి మాస్టారు అతని ఎదురుగా ఉన్నారు.

"నేనే రాశాను."

"నాకు చదవటం రాదు సార్. బస్సులో ఎవరో చదువుకున్నాయన పైకి చదివాడు. బస్సు బస్సంతా నా వైపు తిరిగింది. మా ఊళ్ళో మీ కాలేజీకొచ్చే పిల్ల నా పిల్లొక్కతే. పేరు రాయలేదంటారు. పేరెందుకు ఇంకా? పురుగు నా చేలో పడితే మీ గేటుకాడ చాటింపేస్తారా?"

నక్షత్రం కట్టే పిల్లలు నిచ్చెన మీద అలాగే ఆగిపోయారు. మాస్టారు వంగి, పూలకుండీ పక్కకు జరిపి, డస్టరు తీసుకుని ఆ మాట తుడిచేశారు.

"తప్పే" అన్నారు. "మొక్క ఎండిందని రాశాను. నీళ్ళు లేవని రాయలేదు." తర్వాత సుద్దముక్క పట్టుకుని, "ఏం రాయమంటావో చెప్పు. నువ్వు చెప్పిందే రాస్తాను" అన్నారు.

"మీ రాతలు నాకేం తెలుసు సార్. మానిందని మాత్రం రాయమాకండి."

"అయితే మానలేదా?"

ఆయన రోడ్డు వైపు చూశాడు. "కోతలకి పోద్ది. కోతలయ్యాక... చూద్దాం."

"చూద్దాం అని బోర్డు మీద రాయలేనయ్యా. బస్సు వాళ్ళకి అర్థం కాదు."

నిచ్చెన మీద పిల్ల ఒకతి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ తండ్రి ముఖం కూడా కొంచెం సడలింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "పోనీ, వస్తదని రాయండి" అన్నాడు.

మాస్టారు రాశారు: "ఒకరు కోతలకు వెళ్ళారు. కోతలయ్యాక వస్తారు." రాసి చదివి వినిపించారు. ఇంకోసారి చదవమన్నాడు. చదివారు. వెళ్ళబోతూ ఆ తండ్రి మూలనున్న బొమ్మ దగ్గర ఆగాడు.

"ఈ చెట్టుకి ఆకుముడత లేదే. మా ఊళ్ళో ప్రతి చెట్టుకీ ఉంది."

మాస్టారు రెండు ఆకులు చెరిపి, ముడుచుకున్నట్టు మళ్ళీ వేశారు.

ఆ తర్వాత ఆదివారాలు ఆరాధన అవగానే మాస్టారు ఆ ఊరు వెళ్ళేవారు. నేను అన్నిసార్లూ వెళ్ళలేదు. వెళ్ళినప్పుడు చూసింది చెబుతున్నాను. కోతల నుంచి వచ్చిన చేతులు మండుతుంటాయి. ఆ పిల్ల మజ్జిగతో చేతులు కడుక్కుని, గట్టు మీద కూర్చుని రికార్డులో బొమ్మలు వేసేది. ఎంత కడిగినా ఘాటు పోదు. పేజీలన్నిటికీ అంచులు ఎర్రబడ్డాయి. మాస్టారు కళ్ళు నలుపుకుంటూ పాఠం చెప్పేవారు. ముఠా ఆడవాళ్ళు గట్టు దిగుతూ, "సారుగారికి కూలి ఎవరిస్తారే?" అని ఆ పిల్లను ఏడిపించేవాళ్ళు. "నాకు సెమీ క్రిస్మస్ కేకు ఇచ్చారమ్మా, ఇంకా అరగలేదు" అనేవారు ఈయన.

రెండో కోత అయ్యాక ఆమె వచ్చింది. హాజరు చాలలేదు. ప్రిన్సిపాల్ అయ్యగారు యూనివర్సిటీకి ఏమని రాయాలన్నారు. "జ్వరమొస్తే సెలవిస్తాం. మిరప పండితే ఇవ్వమా?" అన్నారు మాస్టారు. అయ్యగారు తల పట్టుకున్నారు గాని, హాజరు తక్కువైనవాళ్ళకు మన్నింపు ఇచ్చే వీలు కొంత ఉంటుంది, దాని కింద సంతకం పెట్టారు. ప్రాక్టికల్స్ రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆమె రికార్డు తెరిచి తుమ్మాడు. మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ తుమ్మాడు. "ఇదేం రికార్డమ్మా, మిర్చి యార్డులా ఉంది" అన్నాడు. మార్కులు మాత్రం తగ్గించలేదు.

ఆమె ఇంగ్లీషులో తప్పింది. రెండోసారి రాసి పాసయింది. దసరా తర్వాత బోర్డులో, మంచి మార్కులు వచ్చినవాళ్ళ పేర్ల పైన, ముందు వరసలో ఆ సంగతి రాశారు. "కోతలకు వెళ్ళినవారు వచ్చారు. తప్పిన పేపరు పాసయ్యారు." అడుగున గీత, గీత కింద ఎప్పటి మాట.

ఆ పై ఏడు నుంచి మా కాలేజీలో కోతల సెలవు అని ఒకటి వచ్చింది. కాగితం మీద లేదు, అందరికీ తెలుసు. కోతలకు వెళ్ళేవాళ్ళు మాస్టారికి చెప్పి వెళ్ళేవాళ్ళు, ఆయన వాళ్ళకు పాఠాలు ఎత్తి రాయించి పంపేవారు. వెళ్ళినవాళ్ళందరూ తిరిగి వచ్చారని చెప్పలేను. రానివాళ్ళ కోసం మోపెడ్ బయలుదేరేది. కొన్నిసార్లు ఆ మాట రాయడానికి వీలులేక, గీత గీసి కింద ఖాళీగా వదిలేసేవారు. ఎవరైనా అడిగితే, "ఇంకా తిరుగుతున్నానయ్యా, చూసి రాస్తాను" అనేవారు.

మధ్యాహ్నం మూడింటికి నా గదిలోకి వచ్చి, "రాశావా?" అనేవారు. నా చిట్టా గురించి. "రాశానండీ. మీరు?" అనేవాణ్ణి. ఆ రోజు రాయాల్సింది ఉన్నా లేకపోయినా ఇద్దరం ఆ రెండు మాటలూ అనుకుని టీ తాగేవాళ్ళం. మా స్నేహంలో ఎక్కువ భాగం అదే.

ఆయన రిటైరయ్యే నాటికి మోకాళ్ళు పాడయ్యాయి. కాలేజీ కూడా నీరసించింది. వేరే కాలేజీల పసుపు బస్సులు ఊళ్ళలోకే వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోవడం మొదలైంది. బోర్డు తీసేసి దాని చోట ఫ్లెక్సీ కట్టారు. నాలుగు ముఖాలు, వాళ్ళ మార్కులు, పైన పెద్దల ఫోటోలు. ఒకసారి పెన్షను పని మీద వచ్చిన మాస్టారు గేటు దగ్గర నిలబడి దాన్ని చూశారు.

"బొమ్మ లేదేమయ్యా ఇందులో?"

"అన్నీ బొమ్మలే గదండీ."

"మొక్క బొమ్మ" అన్నారు. అడుగున కూడా చూశారని నాకు తెలుసు. అక్కడ ఫ్లెక్సీ వేసిన కొట్టు పేరుంది.

ఆయన పోయిన రోజు, మర్నాటి సమాధి కార్యక్రమం గురించి గేటు దగ్గర తెలియజేయాల్సి వచ్చింది. సత్తెనపల్లిలో కరెంటు లేదు, ఫ్లెక్సీ రేపు సాయంత్రానికి గాని కాదన్నారు. సైకిలు స్టాండు వెనక పడున్న పాత బోర్డు తెప్పించి, కడిగించి, గోడకు ఆనించాం. రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేనే రాశాను. నావి చిట్టా అక్షరాలు, చిన్నవి. అర నిమిషంలో బస్సులోంచి ఎవరికీ అందవు. చెరిపి పెద్దవిగా రాశాను. ప్రభువునందు నిద్రించారనీ, ఫలానా వేళకు చాపెల్లో ప్రార్థన అనీ. బొమ్మ వేయడం నాకు రాదు. మూల ఖాళీగా ఉండిపోయింది.

సమాధి నాడు చాలామంది వచ్చారు. కోతలకు వెళ్ళి వచ్చిన ఆ అమ్మాయి ఇప్పుడు ఒక స్కూల్లో పాఠాలు చెబుతుంది. తన బడి పిల్లలు కొందరిని వెంటబెట్టుకుని వచ్చి, చాపెల్ తలుపు దగ్గర, మాస్టారు ఎప్పుడూ కూర్చునే బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు. పాటలు పాడింది.

అందరూ వెళ్ళాక గేటు దగ్గరికి వస్తే, ఆమె తండ్రి బోర్డు ముందు ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏం రాశారు గుమాస్తా గారూ?"

చదివి వినిపించాను.

"అడుగున ఆ మాట రాశారా? ఎవురూ మానలేదని?"

"లేదు పెద్దాయనా. ఈసారి దసరా నుంచి ముగ్గురు రావడంలేదు."

"ఏ ఊళ్ళోళ్ళు?"

చెప్పాను. తల ఊపాడు. రోడ్డు వైపు చూసి, "మరి ఎవురు ఎల్తున్నారు?" అన్నాడు.

నాకూ మోకాళ్ళు నొప్పులే. ఆ మోపెడ్ ఏమైందో కూడా తెలియదు. ముగ్గురివీ మూడు దిక్కుల ఊళ్ళు. ఏ బస్సు ఎక్కడ మారాలో మాత్రం, అడగకుండానే, మనసులోకి వచ్చింది.

ఆయన నా జవాబు కోసం చూడలేదు. తువ్వాలు మడతలోంచి ఒక మిరప రెమ్మ తీశాడు. ఉదయం చేలో తుంచి తెచ్చినట్టున్నాడు, అప్పటికే వడిలింది. తల వంచుకున్న తెల్లటి పూలు నాలుగు, ముడుచుకున్న ఆకులు. బోర్డు మూలన, మాస్టారు బొమ్మ వేసే చోట, చెక్క సందులో దాన్ని గుచ్చాడు. జారకుండా ఇంకొంచెం లోపలికి నొక్కాడు. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ బస్సు లేపిన గాలికి రెమ్మ ఊగింది. బోర్డు అడుగున గీత నేను ముందే గీసి, దాని కింద ఖాళీ ఉంచాను.